తరంగంబాడి: కొత్త జెరూసలేం చర్చి, దాని చుట్టూ ఉన్న ఊరు

మాయిలాడుతురైలో రైలు దిగి బస్సులో తమిళనాడు తీరంలోని తరంగంబాడి (ఒకప్పటి డెన్మార్క్ వారి స్థావరం) చేరేసరికి ఉదయం ఎనిమిది దాటింది. 1792 నాటి నగర ద్వారం దాటగానే రాజవీధి నేరుగా సముద్రం దాకా సాగుతుంది. ఊరంతా కాలినడకన చూడదగినదే కాబట్టి ఇక్కడ ఆటోతో పనిలేదు.

మేము వెళ్లింది ముఖ్యంగా కొత్త జెరూసలేం చర్చి కోసం. డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా 1706లో ఇక్కడికి వచ్చిన జర్మన్ మతబోధకుడు జీగెన్‌బాల్గ్, తమిళం నేర్చుకుని, అచ్చుయంత్రం తెప్పించి, 1715 నాటికి తమిళంలో బైబిల్ కొత్త నిబంధనను ముద్రింపజేశాడు. 1718లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చి ముఖభాగాన రాజ కిరీటం, దాని కింద రాజ చిహ్నం నేటికీ కనిపిస్తాయి. మరుసటి ఏడాదే, 36 ఏళ్ల వయసులో మరణించిన జీగెన్‌బాల్గ్ సమాధి లోపలే ఉంది. దాని ముందు నిలబడినప్పుడు మా మాటలు వాటంతటవే తగ్గిపోయాయి.

తెలుగువారు ఇక్కడ మరొక పేరు తలుచుకోవాలి. అదే 1719లో ఈ ఊరికి వచ్చిన బెంజమిన్ షుల్జ్, తరువాత మద్రాసులో తెలుగు నేర్చి వ్యాకరణం రాశాడు. జర్మనీకి తిరిగి వెళ్లాక 1740లలో హాలే నగరంలో ఆయన అచ్చు వేయించిన పుస్తకాలే తెలుగు ముద్రణకు తొలి రూపాలుగా పేరు పొందాయి. సముద్రపు ఒడ్డున ఉన్న డాన్స్‌బోర్గ్ కోటకు కూడా మనతో బంధం ఉంది: 1620లో డేనులకు (డెన్మార్క్ వారికి) ఇక్కడ స్థావరం ఏర్పరచుకునే అనుమతినిచ్చిన తంజావూరు రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. కోటలోని మ్యూజియం చిన్నది. వస్తువుల పక్కన వివరణలు ఇంకా విపులంగా ఉంటే బాగుండేదనిపించింది.

కోటకు దగ్గరలోనే 14వ శతాబ్దపు మాసిలామణి నాథర్ ఆలయం ఉంది. ముందు భాగాన్ని కెరటాలు ఏనాడో మింగేశాయి, మిగిలినదాన్ని కాపాడేందుకు రాళ్లు పేర్చారు. సూర్యోదయానికి అక్కడ ఉండగలిగితే అంతకు మించిన చోటు ఈ తీరంలో మాకు కనబడలేదు.

బసకు మొదటి రాత్రి ఖర్చు తగ్గుతుందని కారైక్కాల్‌లోని ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా లేదు, రాకపోకలకే సగం పూట పోయింది. రెండవ రాత్రి సముద్రానికి ఎదురుగా, పాత బంగళాను బాగుచేసి నడుపుతున్న హోటల్‌లో ఉన్నాము. అద్దె ఎక్కువే అయినా, రాత్రంతా కెరటాల హోరు వింటూ పడుకోవడానికి ఆ ధర ఇవ్వవచ్చు. రాత్రి భోజనానికి మాత్రం హోటల్‌లోనే ముందుగా చెప్పి ఉంచండి, ఎందుకంటే చీకటి పడితే బయట దొరికేవి తక్కువ.

పెద్దవారితో వచ్చేవారు దగ్గరలోని తిరుక్కడయూర్ గుడిని కూడా కలుపుకోవచ్చు. షష్టిపూర్తి పూజలకు ఆ క్షేత్రం ప్రసిద్ధం. అయితే దానిని రెండవ రోజుకు ఉంచుకుని, మొదటి ఉదయాన్ని పూర్తిగా చర్చికే కేటాయించండి.