సైన్సు, ఇంజినీరింగ్ రెండు పట్టాలూ కావాలంటే ఏ దారి మేలు?

ఇంటర్ ఫలితాలు వచ్చింది మొదలు దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాలు) చివరి విడత ముగిసేదాకా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. పిల్లకు లెక్కలంటేనో ఫిజిక్సంటేనో ప్రాణం, ఇంట్లోవాళ్లకేమో ఇంజినీరింగ్ కావాలి. రెండు పట్టాలూ వచ్చే మార్గం ఏదైనా ఉందా అని మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు అడుగుతూనే ఉంటారు. మార్గాలు నాలుగైదు ఉన్నాయి. ఎవరికి వారికి విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కనుక అందరికీ కలిపి రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో గణితం చెప్పేవాణ్ణి, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే ఊహించుకోవచ్చు.

ర్యాంకు, ఫీజు, ఉద్యోగం అందరూ లెక్కవేసేవే. నేను మొదట అడిగేది వేరు: ఈ చదువు మధ్యలో ఆగిపోతే చేతిలో ఏముంటుంది? రెండు పట్టాల చదువంటే అయిదారేళ్ల మాట. పత్తి ధర పడిపోయిన ఏడాదో, బోరు ఎండిపోయిన ఏడాదో, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైన ఏడాదో చదువుకు గండి పడడం మన జిల్లాల్లో అరుదు కాదు. ఆడపిల్ల విషయంలో పెళ్లి సంబంధాల ఒత్తిడి ఉండనే ఉంది. అందుకే చివరి రోజున రెండు పట్టాలూ కలిపి ఇచ్చే చదువు కంటే, దారిలో ఒకటి ముందుగా చేతికిచ్చే చదువుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈ మధ్య అమెరికాలోని ‘మూడు ప్లస్ రెండు’ పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. మూడేళ్లు ఒక చిన్న కాలేజీలో ఫిజిక్సో గణితమో చదివి, తర్వాత రెండేళ్లు పెద్ద విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదువుతారు. రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉంటుంది, రెండూ చెరో పట్టా ఇస్తాయి. కొలంబియా, కాల్‌టెక్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నాయి. అట్లాంటాలో స్పెల్‌మన్, మోర్‌హౌస్ కాలేజీల విద్యార్థులు జార్జియా టెక్‌కు వెళ్లేదీ ఈ పద్ధతిలోనే. ఆలోచన చక్కనిది. సాహిత్యం, చరిత్ర కూడా చదివిన ఇంజినీరు తయారవుతాడు. చిక్కేమిటంటే, సాధారణంగా మూడో ఏడు ముగిసినా మొదటి పట్టా చేతికి రాదు, అయిదేళ్లూ పూర్తయ్యాకే రెండూ ఇస్తారు. ఒప్పందం ఉన్నంత మాత్రాన రెండో చోట సీటు ఖాయమనీ అనుకోకూడదు. కొలంబియాలో ఇప్పుడు పోటీ పడి తెచ్చుకోవలసిందే. సీటు రాకపోతే మొదటి కాలేజీలోనే నాలుగో ఏడు చదివి ఒక్క పట్టాతో బయటపడాలి. మొదటి కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయం రెండో చోటికి వెంట రాదు. బీటెక్ అయ్యాక రెండేళ్ల ఎమ్మెస్‌కు అప్పు చేయడం మనవాళ్లకు అలవాటే. పద్దెనిమిదేళ్లకే పంపి అయిదేళ్లకు అప్పు చేయడం వేరే సంగతి.

ఇక మన పక్కనే, శామీర్‌పేట దగ్గరి బిట్స్. అక్కడ ఫిజిక్స్, గణితం, కెమిస్ట్రీ, జీవశాస్త్రం, ఎకనామిక్స్‌లలో ఒకదానిలో ఎమ్మెస్సీకి చేరితే, మొదటి ఏడాది మార్కులను బట్టి రెండో పట్టాగా ఇంజినీరింగ్ బ్రాంచి ఇస్తారు. అయిదేళ్లకు ఎమ్మెస్సీ, బీఈ రెండూ వస్తాయి. ప్రవేశానికి బిట్‌శాట్ అనే పరీక్ష రాయాలి, 390 మార్కులకు. కంప్యూటర్ సైన్సుకు మార్కులు చాలనివారు ఎమ్మెస్సీ గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, మొదటి ఏడాది కష్టపడి ఆ బ్రాంచి అందుకోవాలని చూస్తారు. అందరికీ అందదు. జీవశాస్త్రం మీద ఏ ఆసక్తీ లేకుండా చేరిన కుర్రాడు రెండో ఏడంతా ఆ పాఠాలే చదవాలి, ఇంజినీరింగ్ అసలు పాఠాలు మూడో ఏట గానీ మొదలు కావు. సైన్సు మీద నిజమైన ఇష్టం ఉన్నవారికి మాత్రం ఇంతకంటే మంచి చోటు దగ్గర్లో లేదు. ఫీజు లక్షల్లో ఉంటుంది. ప్రతిభ, ఆదాయం చూసి కొందరికి రాయితీ ఇస్తారు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద మేటి సంస్థల్లో సీటు వచ్చినవారికి పూచీకత్తు లేకుండా అప్పు దొరుకుతుంది, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. అంత అప్పు నెత్తిన పెట్టుకుని మూడో ఏట ఆగిపోతే ఏం మిగులుతుందో లెక్క చూసుకుని దిగండి.

నేను ఎక్కువ మందికి చెప్పే దారికి ప్రకటనలు ఉండవు. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎం.వి.ఎస్. కాలేజీలోనో గణితంతో బీఎస్సీ చేయడం, ఆపై ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడం. ఈసెట్ పాలిటెక్నిక్ పిల్లల కోసమే అని చాలామంది అనుకుంటారు. గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ పాసైనవారికీ అందులో చోటుంది. డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి 40 చాలు. వీరికి ప్రశ్నపత్రమే వేరు: 200 మార్కుల్లో గణితానికి 100, విశ్లేషణ సామర్థ్యానికి 50, ఇంగ్లీషుకు 50. అంతా కలిపి ఆరేళ్లు, అంటే అమెరికా పద్ధతి కంటే ఒక ఏడాది ఎక్కువ. కానీ మూడో ఏడాది చివర ఒక పూర్తి డిగ్రీ చేతిలో ఉంటుంది. అక్కడ ఆగినా బీఎడ్ చేయవచ్చు, గ్రూప్స్ రాయవచ్చు, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ చదవవచ్చు. మరో లాభం, ఇరవై ఏళ్లు నిండాక తీసుకునే నిర్ణయం పదిహేడేళ్ల వయసులో ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు చూసి తీసుకునేదానికంటే నిలకడగా ఉంటుంది. బీఎస్సీ చదివేటప్పుడే కొందరికి ఇంజినీరింగ్ వద్దనిపిస్తుంది. దాన్ని కూడా నేను లాభం కిందే వేస్తాను.

లోపాలు దాచను. పెద్దది డబ్బు. ఒక స్థాయి చదువు పూర్తి చేసి అదే స్థాయిలో మరో చదువులో చేరినవారికి పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనం ఇవ్వకూడదని కేంద్ర నిబంధనల్లో ఉంది. బీఎస్సీ తర్వాత బీటెక్ ఆ కోవలోకే వస్తుంది కనుక ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని కౌన్సెలింగ్‌కు వెళ్లకండి, ముందే జిల్లా సంక్షేమాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఫీజు మొత్తం చేతి నుంచే కట్టవలసి వస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సొంత ఇంజినీరింగ్ కాలేజీలకే ముందు ఆప్షన్లు పెట్టడం మంచిది. ఇంకొకటి, రెండు పట్టాల మధ్య ఇక్కడ ఒప్పందమేదీ లేదు. అమెరికాలో రెండు సంస్థలు కూర్చుని పాఠాలు జతచేస్తాయి, మన దగ్గర ఆ పని విద్యార్థే చేసుకోవాలి.

రెండూ ఒకేసారి చదివితే కాదా అని అడిగేవారికి: 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ దానికి అనుమతించింది. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే తరగతి వేళలు కలవకూడదు. జేఎన్‌టీయూ కాలేజీలో 75 శాతం హాజరు చూపించాల్సిన పిల్లవాడికి అది కాగితం మీది అవకాశమే. ఒకటి కాలేజీలో, మరొకటి దూరవిద్యలో అయితే సాగుతుంది. బీటెక్‌తో పాటు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చేయవచ్చు. ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ అయినా సరే. దానికి జేఈఈ ర్యాంకు అక్కరలేదు, వాళ్ల అర్హతా ప్రక్రియ దాటాలి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది. ఎక్కడ ఆగితే అక్కడి సర్టిఫికెట్టో డిప్లొమానో ఇస్తారు, నా ప్రశ్నకు సరైన జవాబు అదే. క్రమశిక్షణ ఉన్న పిల్లలకు నా రెండో ఓటు దీనికి. లేనివారు రెంటికీ చెడతారు.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎమ్మెస్ ఇచ్చే అయిదేళ్ల కోర్సు ఉంది. సీటు వస్తే ఇదంతా చదవనక్కరలేదు, వెళ్లి చేరండి. ఐసర్‌లలో (కేంద్రం నడిపే సైన్సు విద్యా, పరిశోధన సంస్థలు) బీఎస్-ఎంఎస్ మంచిదే కానీ ప్రధానంగా అది సైన్సు చదువు.

బీఎస్సీ, ఈసెట్ దారి పట్టేవారు దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడే ఒకటి చూసుకోవాలి. పేరులో కంప్యూటర్లో డేటా సైన్సో ఉందని చేరితే సరిపోదు, గణితం ఒక సబ్జెక్టుగా ఉండి తీరాలి. బీటెక్‌లో చేరాక రెండో ఏడాది పాఠాలతో పాటు మొదటి ఏడాదిలోని ఇంజినీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్ కూడా పాస్ కావాలి. మెకానిక్స్ లెక్కలొచ్చిన వారికి లొంగుతుంది. డ్రాయింగ్ లొంగదు. ఈసెట్ రాసిన మర్నాడే మినీ డ్రాఫ్టర్ (డ్రాయింగ్ బోర్డుకు బిగించి గీతలు గీసే పరికరం) ఒకటి కొనుక్కుని, తెలిసిన పాలిటెక్నిక్ కుర్రాడి దగ్గర కూర్చోండి.