అమ్మ గుర్తుగా ఏది మేలు: ఫోటోనా, ఇత్తడి కుందా, బొంతా?

అమ్మ సంవత్సరీకం దగ్గర పడేసరికి మా ఇంట్లో తలో మాట మొదలైంది. హాల్లోకి పెద్ద ఫోటో కట్టిద్దామని అన్నయ్య, ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊరి కుంది మీద పేరు కొట్టిద్దామని పిన్ని. నాకేమో అమ్మ నేత చీరలతో బొంత కుట్టించాలని. ఎవరూ తగ్గలేదు, మూడూ చేయించాం.

ఫోటో తేలికనుకున్నాం. తీరా వెతికితే అమ్మ ఒక్కతే ఉన్నది ఆధార్ కార్డు ఫోటో. అందులో ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటుంది. దాంతో ఓ పెళ్లి గ్రూపు ఫోటోలోంచి వాట్సాప్‌లో తెప్పించి స్టూడియోకి ఇస్తే ముఖం అలికినట్టు వచ్చింది. 12×18 అంగుళాల ప్రింటు నిండుగా రావాలంటే దాదాపు 3600×5400 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పాత ఆల్బమ్ ఫోటోనే స్కాన్ చేయించండి. రెండోసారి స్టూడియో అబ్బాయి ముడతలన్నీ తీసి, తెల్లగా చేసి ఇచ్చాడు. "ఈవిడెవరమ్మా?" అన్నారు నాన్న. మూడోసారికి అమ్మ వచ్చింది.

మేనకోడలు సవర బొమ్మ వేయిద్దామంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ అది సవర గిరిజనులు తమ పెద్దల కోసం, దేవతల కోసం ఇంటి గోడ మీద గీసుకునేది. మన సోఫా వెనక అలంకారానికి నాకు మనసొప్పలేదు.

కుందికొస్తే, బుడితి సారవకోట మండలంలోనే, శ్రీకాకుళం నుంచి వెళ్లి రావడం ఎంతసేపు! పెద్దకర్మకి పేరు కొట్టించి పంచే స్టీలు డబ్బాల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. రోజూ వెలిగిస్తాం, చింతపండుతో తోముతాం. ఆ తోముడికే అక్షరాలు అరుగుతాయి, లోతుగా చెక్కమని చెప్పాలి. కంచుది తీసుకుంటే జాగ్రత్త, కింద పడితే పగులుతుంది.

ఇక బొంత. ముందు పెద్దవాళ్లని అడగండి, పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోని కుటుంబాలున్నాయి. మా వాళ్లు సరేనన్నారు గానీ, కత్తెర పెట్టేసరికి పిన్ని ఏడ్చేసింది. నూలు చీరలే మెత్తగా కలుస్తాయి, సిల్కూ సింథటిక్కూ జారిపోతాయి. బాగా నలిగినవి పైకి వేస్తే చిరుగుతాయి, లోపలి పొరలకు వాడాలి. అమ్మ పొందూరు ఖాదీ చీర ఒకటి మాత్రం కోయనివ్వలేదు నేను. ఉతకనూ లేదు. ఉతికితే వాసన పోతుంది.

నన్నడిగితే బొంతే. ఫోటోకి దండేసి వచ్చేస్తాం, బొంత కప్పుకుని పడుకుంటాం. చలికాలంలో పిల్లలు దానికోసం కొట్టుకుంటున్నారు, అమ్మకి అదే ఇష్టమయ్యేది.

నాన్న మాత్రం ఇంతవరకూ బొంతని ముట్టుకోలేదు. సాయంత్రమైతే ఫోటో కిందే కుర్చీ వేసుకుంటారు.