ఆరు ఎపిసోడ్ల సీరియలా, 61 అధ్యాయాల నవలా? మా ఇంట్లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ (1995)

ముందే చెప్పేస్తున్నా, జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ని నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ పన్నెండో అధ్యాయం దగ్గరే మూసేసినవాణ్ణి. కాబట్టి పుస్తకం మొత్తం అరిగించుకుని, సీరియల్ చూసేవాళ్లని చిన్నచూపు చూసే రివ్యూ కాదిది. పుస్తకం బదులు సీరియల్ చూస్తే సరిపోతుందా అని అడిగేవాళ్ల కోసం, అదే పని చేసిన ఇంటినుంచి రాస్తున్నా.

మా చెల్లెలు అనంతపురంలోనే ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది, ఈ నవల వాళ్ల సిలబస్‌లో ఉంది. చవగ్గా వస్తుంది కదా అని నేనే ఆన్‌లైన్లో 99 రూపాయల కాపీ తెప్పించాను, బుద్ధి తక్కువై. అక్షరాలు మాత్రల అట్ట వెనక ఉండేంత సైజు. ఏప్రిల్లో మా ఊరి ఎండ సంగతి తెలిసిందే, పదిరోజుల్లో బంక వదిలేసి పేజీలు ఊడొచ్చాయి, అదొక తలనొప్పైతే మధ్యలో పదహారు పేజీలు రెండుసార్లు వేసి వాటి తర్వాత రావాల్సినవి అసలు వేయనే లేదు. పరీక్షకి ఇంకా పదిరోజులు. "అన్నా, బీబీసీ వాళ్ల సీరియల్ ఒకటుందంట, అచ్చం పుస్తకం లెక్కనే ఉంటాదని సీనియర్లు చెప్పినారు" అంది. పుస్తకం మీద పోసిన డబ్బు ఎట్లాగూ పోయింది, ఇదీ చూద్దామని డీవీడీ తెప్పించా.

ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 55 నిమిషాలు. 1995 సెప్టెంబర్ 24 నుంచి వారానికొకటి చొప్పున బీబీసీలో వచ్చింది. స్క్రిప్టు ఆండ్రూ డేవిస్, కథానాయిక ఎలిజబెత్‌గా జెన్నిఫర్ ఎలీ, ఆమె మీద మనసు పడే డబ్బున్న పొగరుబోతు డార్సీగా కాలిన్ ఫర్త్. ఇదే కథతో 2005లో వచ్చిన సినిమా కూడా ఉంది కానీ అది రెండు గంటల్లో పరిగెత్తేస్తుంది, పరీక్ష రాసేవాళ్లు దాని జోలికి పోవద్దు.

మా పాత ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవు ఇంకా బతికే ఉంది, బ్యాటరీ మాత్రం నలభై నిమిషాలకి మించి రాదు. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, మూడో ఎపిసోడ్ చివర్లో డార్సీ గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఇక ఆపుకోలేక ఎలిజబెత్‌తో మనసులో మాట చెప్పడం మొదలుపెడతాడు చూడండి, సరిగ్గా అప్పటికే కరెంటు పోయి నలభై నిమిషాలైంది. స్క్రీన్ నల్లగా అయిపోయింది. పక్కన అమ్మ విత్తనానికని చెనక్కాయలు వలుస్తా కూర్చుంది, అంతసేపూ పటపటమని వినిపిస్తున్న చప్పుడు ఆ సీన్ మొదలైనప్పుడే ఆగిపోయిందని నాకు ఆ చీకట్లో తెలిసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. "ఆ పిల్ల ఒప్పుకున్నదా లేదా?" అని రెండుసార్లు అడిగింది. కరెంటొచ్చేదాకా మా చెల్లెలు చెప్పలేదు.

అమ్మ కోసమే నేను మొదటి ఎపిసోడ్‌లో ఆపి ఆపి చెప్పాల్సి వచ్చింది. ఎలిజబెత్ వాళ్లు ఐదుగురు ఆడపిల్లలు. నాయన బెనెట్‌కి ఏడాదికి 2000 పౌండ్ల రాబడి. కానీ ఆస్తి మగ వారసుడికే పోయేట్టు పెద్దలు రాసిపెట్టారు, కొడుకు లేడు కాబట్టి ఆయన పోయిన మరుసటి రోజు ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే దూరపు చుట్టానికి పోతాయి. ఈ కాలిన్స్ పెళ్లి అడగడానికొచ్చి, మీ అమ్మ పోయాక నీ వాటాకి 1000 పౌండ్లే, అదీ నూటికి నాలుగు వడ్డీ మీద, అని ఎలిజబెత్ మొహం మీదే చెప్పే ఘటికుడు (నవల 19వ అధ్యాయం). అమ్మ వెంటనే "నూటికి నాలుగు నెలకా, ఏడాదికా?" అంది. ఏడాదికి, అంటే సంవత్సరమంతా కలిపి 40 పౌండ్లు అన్నా. "మరి ఆ తల్లి అరవక ఏం చేస్తాది?"

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. ఆ తల్లి మిసెస్ బెనెట్‌ని పుస్తకంలో రచయిత్రి మొదటి అధ్యాయం చివర్లోనే తెలివి తక్కువ మనిషి అని తేల్చి పక్కన పెట్టేస్తుంది. సీరియల్లో అలిసన్ స్టెడ్‌మన్ ఆ గొంతుతో చెవులు చిల్లులు పడేట్టు చేస్తుంది, నాకైతే రెండో ఎపిసోడ్‌కే సౌండ్ తగ్గించాలనిపించింది. అమ్మకి మాత్రం లైబ్రరీలో తలుపేసుకుని జోకులేసే ఆ నాయన మీదే కోపం. ఐదుగురు పిల్లల్ని కని, రూపాయి వెనకేయకుండా పుస్తకాలు చదువుకుంటా కూర్చున్నాడేమప్పా అని. నవల చదివినవాళ్లు ఈ పాయింటు ఒప్పుకుంటారు, ఆయన దాచిపెట్టలేదన్న సంగతి అందులోనూ ఉంది. కానీ నేను పన్నెండు అధ్యాయాలు చదివి ఆయన జోకులకి నవ్వుకున్నానే తప్ప ఇట్లా ఆలోచించలేదు.

ఇక అచ్చం పుస్తకం లెక్కనే ఉంటుందన్న మాట ఎంతవరకు నిజం? సీరియల్ చూశాక మూడోసారి మొదలుపెట్టి నవల పూర్తి చేశా (1813 నాటిది, కాపీరైటు లేదు, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఆ 99 కూడా పెట్టకండి). మాటలు చాలావరకు పుస్తకంలోవే, సంఘటనల వరస కూడా అదే. కాలిన్స్‌గా వేసిన డేవిడ్ బాంబర్‌ని చూడండి, ఆ వంగి వంగి దండాలు, చెమట పట్టిన నుదురు, తనకి కొలువిచ్చిన జమీందారు మేడమ్ ఇంట్లో పొయ్యిగూడు ఖరీదు ఎంతో చెప్పుకుని మురిసిపోయే మనిషికి ఇంతకంటే సరైన మొహం నేను ఊహించుకోలేను. ఇట్లాంటి చుట్టం ప్రతి పెళ్లిలోనూ ఒకడుంటాడు, ఎమ్మెల్యేగారు మా ఇంటికొచ్చినప్పుడు అని మొదలుపెడతాడు.

మారినవి కూడా ఉన్నాయి. నాలుగో ఎపిసోడ్‌లో డార్సీ చెరువులో దూకి తడిచొక్కాతో ఎలిజబెత్‌కి ఎదురుపడే సీన్ పుస్తకంలో లేదు. మా చెల్లెలు దాన్ని పరీక్షలో రాసేసింది. డార్సీ అహంకారం కరిగిపోవడానికి ఆ నీళ్లు గుర్తు అని ఒక పేరా! దిద్దినావిడ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పేపర్ ఇంటికి తెచ్చి నాకు చూపించి తనే ముందు నవ్వింది, ఆ తర్వాత డీవీడీ తెప్పించింది నువ్వే కదా అని నామీదికొచ్చింది.

దానికంటే పెద్ద తేడా ఉత్తరం. ఎలిజబెత్ కాదన్నాక డార్సీ రాసిచ్చే ఉత్తరం 35వ అధ్యాయం, దాన్ని ఆమె చదువుకోవడం 36. సీరియల్లో డార్సీ గొంతు వినిపిస్తా ఉంటుంది, తెరమీద వికమ్ (డార్సీ తనకి అన్యాయం చేశాడని ఎలిజబెత్‌ని నమ్మించిన సైనికాధికారి) చేసిన నిర్వాకాలు కనిపిస్తా ఉంటాయి. చూసినప్పుడు బాగుంది. కానీ కంటితో చూశాక ఎవరైనా నమ్ముతారు, నమ్మడానికి మనం కష్టపడింది ఏముంది? పుస్తకంలో ఆమె చేతిలో కాగితం తప్ప ఇంకేం లేదు. అబద్ధం అనుకుంటుంది, ఇక చూడనే చూడను అని మడిచి పెట్టేస్తుంది, అర నిమిషంలో మళ్లీ విప్పుతుంది. వికమ్ గురించిన ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అతను తనతో ఏమన్నాడో, ఎప్పుడన్నాడో, కొత్తగా పరిచయమైన మనిషితో సొంత గోడు చెప్పుకోవడమేంటో పోల్చుకుంటా పోతుంది. మనిషి మనసు మారడం అంటే ఏంటో అంత దగ్గరగా నేను ఇంకెక్కడా చదవలేదు. ఇది కెమెరాకి దొరికే పని కాదు, డేవిస్ తప్పూ కాదు. చెల్లెలికి నేను చెప్పింది ఒక్కటే, మొత్తం చదివే ఓపిక లేకపోతే 34, 35, 36 అయినా చదువు అని.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఎలిజబెత్ ఆఖరి చెల్లెలు లిడియా ఆ వికమ్‌తో పారిపోయాక డార్సీ లండన్‌లో వెతుకుతా తిరగడం సీరియల్ ముందే చూపించేస్తుంది. నవల్లో అత్త రాసిన ఉత్తరం వచ్చేదాకా ఎలిజబెత్‌కీ మనకీ అది పూర్తిగా తెలియదు, ఆ మజా పోయింది.

అయినా డబ్బులు దండగ కాలేదు, 5కి 4 ఇస్తా. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అవి పెట్టుకుని చూడండి, లేకపోతే డార్సీ గొణుగుడు సగం అర్థం కాదు.

చివరి ఎపిసోడ్ అయిపోయిన రాత్రి సంగతి ఒకటుంది. ఎలిజబెత్‌దీ వాళ్లక్కదీ రెండు పెళ్లిళ్లూ ఒకే రోజు, చర్చి, బండిలో ముద్దు, అయిపోయింది. అమ్మ చెనక్కాయల చేట పక్కన పెట్టి, "ఆ మూడో పిల్ల, పియానో వాయిస్తాది సూడు, ఆమె సంగతేమయింది?" అంది. చెల్లెలు "అది దీంట్లో చూపించలేదు మా" అంది. నేను ఫోన్ తీసి చివరి అధ్యాయం వెతికా. సీరియల్ అంత సేపు చూపించిన పెళ్లిరోజు ఇక్కడ ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇంట్లో మిగిలింది ఆ మూడో పిల్ల మేరీ ఒక్కతే. తల్లికి ఒంటరిగా కూర్చోవడం చేతకాదు కాబట్టి ఈమె చదువూ సాధనా పక్కన పెట్టి నలుగురిలో తిరగాల్సి వచ్చింది. అక్కాచెల్లెళ్ల అందంతో పోల్చేవాళ్లు లేకపోవడంతో అదేమంత కష్టంగా లేనట్టుందని వాళ్ల నాయనకి అనుమానం.

నేను తెలుగులో చెప్తుంటే అమ్మ నవ్వింది. "ఆయప్ప అదొక్కటి బాగా కనిపెట్టినాడు" అని, లైటు తీసేయబోతున్న చెల్లెల్ని ఆపి, "ఇంకా ఏం రాసిందో చదువురా" అంది.