కరెంటు తీగ రాని బసలు: పడవలో, కొండ మీద, అడవి అంచున

బసల గురించి జనం రాసేవాటిలో పరుపులు మెత్తగా ఉన్నాయా, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, స్టాఫ్ నవ్వుతూ మాట్లాడారా లాంటివన్నీ ఉంటాయి. బ్యాటరీ ఊసే ఉండదు. తీగ కరెంటు రాని చోట రాత్రి ఫ్యాన్ తిరగాలన్నా, పంపు నీళ్లు తోడాలన్నా, ఫ్రిజ్ ఆగకుండా నడవాలన్నా దానిదే భారం. మా అమ్మ ఇన్సులిన్ వెంట ఉంటుంది కాబట్టి ఆ చివరిది మాకు ముఖ్యం. అందుకే ఈమధ్య మేం ఉండి వచ్చిన చోట్లని ఈ లెక్కన చూశాను: బ్యాటరీలో ఎంత మిగిలిందో అక్కడివాళ్లకి నిజంగా తెలుసా, తెలిస్తే మనకి చెబుతున్నారా.

ముందు పడవ సంగతి. రెండు గదులు, పైన సోలార్ ప్యానెళ్లు, మనమే నడుపుకోవచ్చు. గదులు శుభ్రంగా ఉన్నాయి, బాత్‌రూమ్‌లో వాసన లేదు, పడవల్లో అది చిన్న విషయం కాదు. అప్పగించడానికి వచ్చిన కుర్రాడు లైఫ్ జాకెట్లు, లంగరు, మంటలార్పే సిలిండర్ అన్నీ ఓపిగ్గా చూపించాడు. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి స్విచ్‌బోర్డు పక్కన ఉన్న నాలుగు చిన్న లైట్ల మీద వేలు పెట్టి, "నాలుగూ వెలిగితే ఫుల్లండీ. ఒకటే మిగిలితే ఇంజన్ వేసెయ్యండి" అన్నాడు. పాఠం అక్కడితో అయిపోయింది.

మధ్యాహ్నం ఎండకి నాలుగూ వెలిగాయి. పొద్దు వాలాక మూడు. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకుంటే రెండు, ఆగితే మళ్లీ మూడు. లంగరు ఎత్తే మోటారు నొక్కగానే ఒకటి, వదిలేస్తే మళ్లీ మూడు. నిమిషంలో బ్యాటరీ సగం ఖాళీ అయి, మరో నిమిషంలో నిండదు కదా! ఆ లైట్లు చూసేది ఒక్క వోల్టేజీని. 12 వోల్టుల మీద 1000 వాట్ల మోటారు తిరిగితే 80 ఆంపియర్ల పైనే లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ కుంగుతుంది. అలాగే ఎండలో కనిపించే 14.4 వోల్టులు చార్జర్ తోస్తున్న వోల్టేజీ. లోపల ఎంత ఉందన్నది దాంతో తేలదు.

పడవలో ఉన్నలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని వోల్టేజీతో అంచనా కట్టొచ్చు, కాకపోతే దానికి విశ్రాంతి ఇవ్వాలి. చార్జింగ్ గానీ లోడు గానీ లేకుండా కొన్ని గంటలు వదిలేస్తే, నిండు బ్యాటరీ 12.7 దగ్గర, సగం ఉన్నది 12.1, 12.2 మధ్య నిలబడుతుంది. అంటే మొత్తం సగం ఖర్చు అర వోల్టులో దాక్కుని ఉంది. నాలుగు లైట్లతో ఆ అర వోల్టుని ఏం కొలుస్తారు? పైగా ఫ్రిజ్ నడుస్తున్న పడవలో గంటల తరబడి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది?

నా బ్యాగులో వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఎప్పుడూ ఉంటుంది. తెల్లవారకముందే లేచి, ఫ్రిజ్ అరగంట ఆపి, బెంచీ కింద బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టి చూస్తే 12.05. వాడకం ఆగాక వోల్టేజీ మెల్లగా పైకి లేస్తుంది కాబట్టి అసలు పరిస్థితి అంతకంటే కాస్త మెరుగే అనుకున్నా, సగం దగ్గరకి వచ్చేసినట్టే. లెడ్ యాసిడ్‌ని రోజూ సగం కిందికి దించుతూ పోతే ఆయుష్షు తగ్గిపోతుంది. బోర్డు మీద మాత్రం రెండు లైట్లు నిశ్చింతగా వెలుగుతున్నాయి. ఆఫీసుకి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు, అది మెచ్చుకోవాలి. "రెండున్నాయి కదండీ, ఏం ఫర్వాలేదు. కావాలంటే ఓ గంట ఇంజన్ వెయ్యండి, నిండిపోతుంది" అన్నారు.

గంటలో నిండదు. ఖాళీగా ఉన్న లెడ్ యాసిడ్ మొదట్లో గబగబా తీసుకుంటుంది. 80 శాతం దాటాక అదే కరెంటుని తీసుకోనంటుంది, చివరి 20 శాతానికి గంటలు పడుతుంది. ఇంజన్ వేసిన పది నిమిషాలకే నాలుగు లైట్లూ వచ్చాయి, ఇంజన్ కట్టేసిన కాసేపటికి మళ్లీ మూడయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ నాలుగు చూడగానే ఇంజన్ ఆపేస్తారు. బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండక, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, సీజన్ గడిచేకొద్దీ ఒట్టిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం పడవవాళ్లకి మార్కులు వెయ్యాలి: ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఇంటి వాడకం బ్యాటరీ వేరు. ఫ్రిజ్ మొత్తం తాగేసినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఒడ్డుకి రావచ్చు.

కొండ మీది ఇల్లు దీనికి పూర్తిగా వేరు. చేరడానికి ఆఖరి ముక్క దారి నడవాలి, గదులు పాతవి, రాత్రి చలి. ఫొటోలు చూసి వెళ్లేవాళ్లకి నచ్చకపోవచ్చు. ఇంటాయన సామాను దింపీ దింపకముందే బ్యాటరీలో ఎంత శాతం మిగిలిందో చూపే, గోడకున్న గుండ్రటి మీటరు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇది 60 కిందికి వస్తే ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ వద్దు బాబూ. ఫ్రిజ్, లైట్లు మాత్రం ఎంతసేపైనా వేసుకోండి." ఇంత సూటిగా చెప్పిన బస ఇంకోటి చూడలేదు.

ఆ మీటరు నెగటివ్ తీగలో ఉన్న షంట్ ద్వారా లెక్కేస్తుంది. షంట్ అంటే చాలా తక్కువ నిరోధం ఉన్న ఇత్తడి దిమ్మెలాంటి ముక్క. ఆయన పెట్టినది 500 ఆంపియర్లకి 50 మిల్లీవోల్టుల రకం. 10 ఆంపియర్లు పోతుంటే దాని రెండు చివరల మధ్య వచ్చేది ఒక్క మిల్లీవోల్టు. అంత చిన్న తేడాని కొలిచి, లోపలికి వచ్చిన ఆంపియర్ అవర్లు (ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు అన్న లెక్క), బయటికి పోయినవి చిట్టా పద్దులా కూడుతూ తీసేస్తూ ఉంటుంది. కంప్రెసర్ అందుకున్నంత మాత్రాన అంకె కిందా మీదా పడదు.

ఈ పద్దులోనూ లొసుగులున్నాయి, పెద్దాయనకి అవన్నీ కంఠతా వచ్చు. మొదటిది, బ్యాటరీలోంచి ఎంత వేగంగా తీస్తే అంత తక్కువ చేతికొస్తుంది. 1897లో ప్యూకర్ట్ అనే జర్మన్ దీనికో సూత్రం కట్టాడు. 20 గంటల లెక్కన 100 ఆంపియర్ అవర్లని రాసి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 5 ఆంపియర్ల లోడు పెడితే 20 గంటలు నడుస్తుంది. 20 ఆంపియర్లు పెడితే ఐదు గంటలు రావాలి కదా? వేగంగా తీస్తే ఎంత తగ్గుతుందో చెప్పే ప్యూకర్ట్ సంఖ్య 1.25 అనుకుంటే వచ్చేది మూడున్నర గంటలే, అంటే 70 ఆంపియర్ అవర్లు. మిగతాది మాయమైపోదు, కాసేపు ఆగి చిన్న లోడు పెడితే కొంత బయటికి వస్తుంది. మీటరులో ఆ సంఖ్య, బ్యాటరీ సామర్థ్యం సరిగ్గా పెట్టకపోతే షంట్ ఎంత కచ్చితంగా కొలిచినా శాతం తప్పే వస్తుంది. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. ఆ సంగతి మనం చెప్పాలి తప్ప మామూలు మీటరు తనంతట తాను కనిపెట్టదు.

రెండోది, చిన్న చిన్న తేడాలు రోజూ పోగవుతాయి. అందుకని అప్పుడప్పుడూ బ్యాటరీని నిజంగా నింపి, మీటరుని 100 దగ్గర సరిచెయ్యాలి. వోల్టేజీ పైమెట్టు మీద నిలబడి, లోపలికి పోయే కరెంటు సామర్థ్యంలో దాదాపు 4 శాతం కిందికి తగ్గి, అలా కొన్ని నిమిషాలు ఉంటే మీటరు తనంతట తానే 100 వేసుకుంటుంది. ముసురు పట్టి ఆ ఘడియ రాకపోతే ఈయన జనరేటర్ వేసి మరీ నింపుతాడు. మేమున్నప్పుడు ఓ మధ్యాహ్నం ఆ చప్పుడు తప్పలేదు. ఫిర్యాదు చేసే టూరిస్టులూ ఉంటారట. నాకైతే అది విన్నాకే రాత్రి నిద్ర పట్టింది.

ఆయన అసలు పనితనం మెట్ల కింద బ్యాటరీ గదిలో కనిపించింది. 2 వోల్టుల పెద్ద సెల్స్ పన్నెండు, వరసగా కలిపి 24 వోల్టులు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని ఒక్కో మూత తీసి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముక్కు లోపల పెట్టి, బల్బు నొక్కి వదులుతాడు. యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కుతుంది, లోపల తేలే గీతల బుడ్డి ఊగి ఊగి నిలబడుతుంది. గీత కళ్లకి సమంగా వచ్చేదాకా వంగి చూసి, నోటు పుస్తకంలో సెల్ నంబరు పక్కన రాస్తాడు. నిండుగా ఉంటే 1.265 దగ్గర, సగం ఉంటే 1.19 దగ్గర. ఆయన చొక్కా అంచుకి పిడికెడు చిల్లులు, అన్నీ యాసిడ్ బొట్లవే. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూడకూడదట, పోసిన నీళ్లు చార్జింగ్‌లో యాసిడ్‌తో కలిసేదాకా పై భాగం పలచగా ఉండి రీడింగ్ తప్పొస్తుంది.

మీటరు ఉండగా ఇదంతా ఎందుకని అడిగితే పుస్తకం వెనక పేజీలు తిప్పాడు. ఓసారి మీటరు 78 చూపిస్తోంది, హైడ్రోమీటర్ అన్ని సెల్స్‌లోనూ 1.19 అంటోంది. వెతికితే, వరండా లైట్లు వేసిన ఎలక్ట్రీషియన్ వాటి నెగటివ్ తీగని షంట్ అవతల బిగించకుండా నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కి తగిలించాడు. రాత్రంతా వెలిగే ఆ లైట్ల కరెంటు పద్దులోకే రాలేదు. బ్యాటరీ నెగటివ్ మీద షంట్ తీగ ఒక్కటే ఉండాలి. ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్, ఏదైనా సరే, అవతలి వైపే. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా బ్యాటరీ పెట్టె తెరిచే వీలుంటే నేను ముందు ఆ బోల్టే చూస్తున్నాను.

అడవి అంచున టెంట్ల బస గురించి పెద్దగా చెప్పేది లేదు. చోటు అందంగా ఉంది, ప్రతి టెంటుకీ విడిగా ఓ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఫోన్‌లో యాప్. యాప్ 41 శాతం చూపిస్తుండగానే నడిరాత్రి అంతా చీకటైంది. ఈ రకం బ్యాటరీల వోల్టేజీ మధ్య భాగమంతా 13.2 అటూ ఇటూగా కదలకుండా ఉంటుంది, మల్టీమీటర్ పెట్టినా పెద్దగా తెలిసేది లేదు. లెక్క కట్టేది బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే లోపలి బీఎమ్మెస్ బోర్డు. వాటిలో చాలావాటికి చిన్న కరెంటు ఆనదు. రెండు ఎల్ఈడీ లైట్లు, ఓ రౌటర్ రాత్రింబగళ్లు తాగుతున్నా దాని దృష్టిలో సున్నాయే. చెట్ల నీడలో బ్యాటరీ పూర్తిగా నిండే రోజు రాదు కాబట్టి ఆ తప్పు సరయ్యే వీలూ లేదు. చివరికి ఏదో ఒక సెల్ అడుగంటగానే బోర్డు టపీమని కట్టేస్తుంది.

స్టాఫ్ మాత్రం బంగారం. టార్చి పట్టుకుని వచ్చి, ఇంకో బ్యాటరీ మోసుకొచ్చి, అమ్మ మందుల డబ్బాని తమ ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టారు. సేవకి పడవకంటే, కొండ ఇంటికంటే వీళ్లకే ఎక్కువ మార్కులు. మీటరుకి అందరికంటే తక్కువ. ఫ్రిజ్ అక్కర్లేనివాళ్లు నిక్షేపంగా వెళ్లొచ్చు.

కొండ మీదికి మేం మళ్లీ వెళ్తాం. పడవ మాత్రం షంట్ పెట్టేదాకా ఇన్సులిన్‌తో ఎక్కం. ఇలాంటి చోటు బుక్ చేసేముందు ఫోన్‌లో ఒక్క మాట అడగండి: "మీ మీటరు ఆఖరిసారి ఎప్పుడు 100కి వచ్చింది?" నిన్ననో మొన్ననో అంటే సరే. "ఎప్పుడూ 100 లోనే ఉంటుందండీ" అంటే వాళ్లు చూస్తున్నది ఎండలో చార్జర్ వోల్టేజీని.

ఇప్పటికే లైట్ల పడవ బుక్ చేసుకున్నవాళ్లు మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ప్యానెళ్ల మీద వెలుగు పడకముందు, ఫ్రిజ్ అరగంట ఆపి, రోజూ అదే వేళకి రీడింగ్ రాసుకోండి. అంకె విడిగా ఎంతో చెప్పకపోయినా, నిన్నటికంటే ఇవాళ దిగితే వచ్చేదానికంటే పోయేది ఎక్కువన్నమాట. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొనాలనుకుంటే దాని మీద డీసీ కరెంటు కొలుస్తుందని రాసి ఉందో లేదో చూసుకోండి. చవకవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బ్యాటరీ తీగ మీద పెడితే సున్నా చూపిస్తాయి.