రాయచూరు కోటకు ఒక రోజు ఇవ్వండి, లాడ్జి మాత్రం చూసుకుని దిగండి

మంత్రాలయం వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి రాయచూరంటే రైలు దిగి బస్సెక్కే ఊరు. ఆ ఊళ్ళోనే, నలభై అడుగులు దాటిన ఒకే రాతి మీద కాకతీయుల కాలం నాటి తెలుగు శాసనం ఉంది. కృష్ణకీ తుంగభద్రకీ మధ్య నేల కోసం కొట్టుకున్న ప్రతి రాజ్యమూ ఇక్కడి గోడల మీద ఏదో ఒక గుర్తు వదిలి వెళ్ళింది. ఇంత ఉన్న ఊళ్ళో ఆ రాయి దగ్గరకి దారి చూపే బోర్డు ఒక్కటీ మాకు కనపడలేదు. లాడ్జి వాళ్ళు మాత్రం మా జేబుకి నేరుగా దారి కనుక్కున్నారు. ఈ రెండూ చెప్పి తీరాలి.

ప్రయాణం హాయిగా సాగింది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా బస్సులో ఐదు గంటలు. 2023లో దేవరకద్ర–కృష్ణ లైను పూర్తయ్యాక కాచిగూడ నుంచి రైలు కూడా ఆ దారిన ఉంది.

ఇక లాడ్జి. స్టేషన్ దగ్గర ఒకటి ఫోన్లో మాట్లాడుకున్నాం: ఏసీ డబుల్ రూము 1,200, ఇరవై నాలుగు గంటలు. సామాన్లు పైకి చేర్చాక కౌంటర్లో మాట మారింది. 1,200 నాన్ ఏసీకట, ఏసీ రిమోట్ కావాలంటే ఇంకో 500. దాని మీద జీఎస్టీ అని 200 కలిపి మొత్తం 1,900 లాగాడు. రసీదు మీద జీఎస్టీ నంబరే లేదు. నంబరు లేనివాడికి పన్ను వసూలు చేసే హక్కు లేదని చెబితే, "ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి" అన్నాడు. పొద్దున వేడినీళ్ళు బకెట్టుకి 30 రూపాయలు, అదీ ఎనిమిది లోపే. ఇరవై నాలుగు గంటలన్న మాట కూడా పోయి, మధ్యాహ్నం పన్నెండుకే తలుపు కొట్టారు. మా అత్తయ్య ఆ కోపంతో సగం రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత బస్టాండు వైపు 900కి నాన్ ఏసీ రూము దొరికింది. ఉతికిన దుప్పట్లు, గీజరు, కిటికీకి దోమల జాలి, అన్నీ ఉన్నాయి.

కాబట్టి డబ్బు కట్టేముందే చెకౌట్ పన్నెండుకా, దిగిన గంట నుంచి లెక్కా అని అడిగి రసీదు మీద రాయించుకోండి. ఏసీ పది నిమిషాలు నడిపించి చూడండి. వేడినీళ్ళ కుళాయి మీరే తిప్పండి. ఫోన్లో చెప్పిన రేటును వాట్సాప్‌లో పంపమనండి. పంపనని నసిగేచోట దిగొద్దు.

కోటకు పొద్దున ఆరున్నరకల్లా చేరాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే మంచి కాలం, ఏప్రిల్, మే నెలల్లో రాతి మీద కాలు పెట్టలేం. ముందు కొండెక్కండి. ఆగుతూ వెళ్ళినా ముప్పావు గంట. పైన బాలాహిసారు అనే కొండమీది కోట, ఒక దర్గా, పాత ఫిరంగి ఉన్నాయి. దర్గా దగ్గర చెప్పులు విప్పాలి కాబట్టి సాక్సులు వేసుకోండి. నీళ్ళు కిందే కొనుక్కోవాలి. ఈ ఊరి కోసం ఎందుకంత రక్తం కారిందో పైనుంచి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టూ చదునైన నల్లరేగడి, మధ్యలో ఈ గుట్టలు. ఇక్కడ కూర్చున్నవాడికి రెండు నదుల మధ్య పంట మీదా దారి మీదా పట్టు ఉంటుంది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గాలు 1871లో కలిసిందీ ఈ ఊళ్ళోనే.

తొమ్మిదింటికి దిగి ఏక్ మీనార్ మసీదు చూడండి. 1513 నాటిది. బహమనీ సుల్తాను పేరుకే మిగిలిన రోజుల్లో కట్టింది. 65 అడుగుల ఒంటి మీనారు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. బీదరులో మహమూద్ గవాన్ మదరసా చూసినవాళ్ళు పోలిక వెంటనే పట్టేస్తారు. పది తర్వాత నౌరంగీ దర్వాజా. అక్కడి శిల్పాల కోసం అరగంట చాలు.

అసలు రాయి లోపలి కోట పడమటి గోడలో ఉంది. ఆటోవాళ్ళకి "శాసనం" అంటే తెలియదు, "కోటలో పెద్ద రాయి" అనండి. లోపలి గోడంతా చెక్కిన పెద్ద దిమ్మెలు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినవి. శాసనం 1294 నాటిది. ప్రతాపరుద్రుడి తరఫున గోన గన్నయరెడ్డి మనిషి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ గెలిచి రాయచూరుకొచ్చి ఈ కోట కట్టించాడని అందులో ఉంది. ఆదవాని అంటే మన ఆదోనే. రాయి దగ్గరే గీతలతో చెక్కిన బొమ్మ ఒకటుంది, దాన్ని వదలొద్దు. బండి మీద ఈ రాయి, ముందు జతలు జతలుగా కట్టిన పశువులు, చక్రాల దగ్గర మోకులేసి ఎత్తుతున్న మనుషులు. ఏడొందల ఏళ్ళ కిందటి కూలివాళ్ళ పని తీరు ఇంత వివరంగా ఇంకెక్కడ చూస్తాం! అక్షరాలు కనపడాలంటే టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకి ఆనించినట్టు వేయాలి. నీడ పడి గీత తేలుతుంది. సుద్దపొడి రుద్దొద్దు. రుద్దిన జాడలు ఇప్పటికే ఉన్నాయి, చూస్తే కడుపు మండుతుంది.

బయటి గోడ దగ్గరకి వస్తే రాళ్ళు చిన్నవి, గరుకు, మధ్యలో సున్నం. అది బీజాపూరు వాళ్ళ పని. కాకతీయుల తర్వాత బహమనీలు, వాళ్ళతో విజయనగరం తరాల తరబడి పోట్లాట. సాళువ నరసింహుడు పోతూ పోతూ రాయచూరు, ముద్గల్లు, ఉదయగిరి తిరిగి తీసుకోమని చెప్పాడంటారు. 1520లో బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి కృష్ణదేవరాయలు ఈ కోట పట్టాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసిన వివరం గోడ ముందు నిలబడి గుర్తుచేసుకోదగ్గది: గోడ నుంచి పెకలించి తెచ్చిన ఒక్కో రాయికి, సైజును బట్టి పది నుంచి యాభై పణాల (అప్పటి నాణేలు) దాకా రాయల నాయకులు సైనికులకి చెల్లించారు. గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన ఇంకో పోర్చుగీసువాడు ఫిగెరెడో తన తుపాకీవాళ్ళతో గోడ మీదున్న కాపలాని కాల్చాకే పని సాగింది. 1565లో విజయనగరం ఓడాక కోట మళ్ళీ బీజాపూరుది, ఆ తర్వాత మొగలులది, నిజాముది. 1853లో నిజాము అప్పు కింద ఇంగ్లీషువాళ్ళు ఈ రెండు నదుల మధ్య నేలని రాయించుకుని 1860లో తిరిగిచ్చారు. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రమే. బజారులో తెలుగు సాగిపోతుంది, భాషకి ఇబ్బంది లేదు.

భోజనానికి హోటలు వద్దు, ఖానావళికి (ఇంటి తరహా భోజనశాల) వెళ్ళండి. మేము తిన్నచోట 90 రూపాయలు: అప్పుడే తట్టి కాల్చిన జొన్నరొట్టెలు రెండు, గుత్తివంకాయ లాంటి ఎణ్ణెగాయి, మొలకల పల్య (కూర), శేంగా (వేరుశనగ) చట్నీపొడి మీద గడ్డపెరుగు, తర్వాత అన్నం, సారు (చారు). కటకటలాడే ఎండురొట్టె, మెత్తటి రొట్టె రెండూ ఉంటాయి. పళ్ళ ఇబ్బంది ఉన్నవాళ్ళు మెత్తటిది అడగాలి. వడ్డించే ఆవిడ "ఇంకోటి తీసుకోండమ్మా" అంటూ మూడో రొట్టె వేసి దానికి డబ్బు తీసుకోలేదు. అత్తయ్య మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది అక్కడే.

మిగిలిన పూట ఉంటే ఊరి బయట మలియాబాదు కోటకు వెళ్ళండి. పాడుబడిన గోడల మధ్య రాతి ఏనుగులున్నాయి, నిజం ఏనుగంత పెద్దవి. ఆటో పోనూ రానూ, గంట ఆగడానికీ కలిపి 500కి వచ్చింది. 800 దగ్గర మొదలుపెడతారు. ముళ్ళకంప ఉంది, బూట్లు వేసుకోండి. ముద్గల్లు కోట మాత్రం ఇదే రోజులో కుదరదు, వంద కిలోమీటర్ల పైమాట. మంత్రాలయం బస్సులు బస్టాండు నుంచే ఉన్నాయి, గంటన్నర లోపు చేరుస్తాయి. గురువారం అయితే కూర్చునే చోటు దొరకదు, ముందురోజో మర్నాడో పెట్టుకోండి.