78 వేలకు అరిగిన క్లచ్, మార్చాక రెండేళ్లు

నాది 2016లో కొన్న చిన్న పెట్రోల్ కారు. అయిదు గేర్లు, వైరుతో పనిచేసే క్లచ్. విజయనగరం నుంచి గజపతినగరం డ్యూటీకి రోజూ అందులోనే వెళ్తాను. కారుతో వచ్చిన క్లచ్ 78 వేల కిలోమీటర్లు నడిచింది. 2023లో వేయించిన కొత్త సెట్టు మీద ఇప్పటికి 26 వేలు తిరిగాను. పాతది పోతోందని నేను చాలా ఆలస్యంగా కనిపెట్టాను. ఈ రాత ఎక్కువగా దాని గురించే.

మొదట పికప్ తగ్గినట్టు అనిపించింది. లీటరుకు 18 ఇచ్చే బండి 15కి దిగింది. ఒక గ్యారేజీలో చూపిస్తే ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఏవో క్లీనింగులు చేసి బిల్లు చేతిలో పెట్టారు. తేడా ఏమీ లేదు. బండి పాతబడింది కదా అని ఊరుకున్నాను. నా మోడల్లో ఆర్‌పీఎం మీటరు (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) లేదు. ఉండి ఉంటే నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముల్లు పైకి లేవడం, స్పీడు మాత్రం అక్కడే ఉండడం కళ్లకు కనిపించేది. చెవికి వినపడుతూనే ఉంది గానీ, దాన్ని ఇంజిన్ గోల కింద జమకట్టాను.

అసలు సంగతి అరకు వెళ్తుంటే బయటపడింది. ఎస్.కోట, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతున్నాం. బండిలో నలుగురం, పైగా సామాన్లు. మాడు వాసన వచ్చింది. ఎదురుగా దిగుతున్న లారీ బ్రేకులేమో అనుకున్నాను. లారీ వెళ్లిపోయింది, వాసన పోలేదు. రెండో గేరులో ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ఎడ్లబండిలా కదులుతోంది. పక్కకి ఆపి అరగంట చల్లారనిచ్చాను. మా ఆవిడ "అరకు ఎక్కడికీ పోదు, పదండి ఇంటికి" అంది. వెనక్కి తిప్పేశాం.

మర్నాడు ఊళ్లో ఒక పాత షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రీ బానెట్ ఎత్తకముందే క్లచ్ పెడల్ రబ్బరు చూశాడు. అది గచ్చులా నున్నగా అయిపోయింది.

"ఏటి మాస్టారూ, కాలు దాని మీదే ఎట్టుకుని తోల్తారేటి?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఎత్తుబ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం నొక్కి, బండిని నిలబెట్టడం నాకు గొప్పగా ఉండేది.

అతను ముందు ఫ్రీ ప్లే చూశాడు. పెడల్‌ని చేత్తో నొక్కితే మొదట కొంచెం ఖాళీగా దిగాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. ఖాళీ లేకపోతే వైరు ఎప్పుడూ లాగినట్టే ఉంటుంది, ప్లేటు (ఇంజిన్ తిరుగుడుని గేర్ బాక్స్‌కి అందించే బిళ్ల) బాగున్నా క్లచ్ జారుతుంది, అంటే ఇంజిన్ తిరిగినంతా చక్రాలకి అందదు. అలాంటప్పుడు వైరు సర్దితే చాలు. నాది సర్దాక కూడా జారింది. అప్పుడు చదును నేల మీద, ముందు ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, కుడికాలు బ్రేకు మీద ఉంచి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలాడు. ప్లేటుకి పట్టు ఉంటే ఇంజిన్ ఒక్క కుదుపుతో ఆగిపోవాలి. మాది హాయిగా తిరుగుతూనే ఉంది. మళ్లీ చెయ్యమన్నాను. వద్దన్నాడు. చేసిన ప్రతిసారీ మిగిలిన ప్లేటు కూడా కాలుతుందట.

గేర్ బాక్స్ దింపితే ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజిన్ వైపు చక్రం) మీద వేడికి నీలం మచ్చలు. ఆయిల్ సీలు కారడం లేదు, అదొక్కటే శుభవార్త. కారుతుంటే కొత్త ప్లేటు కూడా నూనెలో తడిసి జారేది. ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కి అదిమే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ అదుముడు తప్పించే రిలీజ్ బేరింగ్ మూడూ మార్పించాను. ప్లేటు ఒక్కటీ వేసి డబ్బు మిగుల్చుకుందామనిపించింది గానీ, తర్వాత బేరింగ్ పోతే మళ్లీ గేర్ బాక్స్ దింపాలి, లేబరు మళ్లీ అంతే. అన్నీ కలిపి తొమ్మిది వేల లోపే అయింది.

అన్నట్టు, 2019లో ఇదే పెడల్‌తో ఇంకో గొడవ. ఫస్ట్ గేరు పడేది కాదు, రివర్స్ వేస్తే కరకరమనేది. అప్పుడూ ఒకాయన "ప్లేటు పోయింది" అన్నాడు. కానీ ఇంజిన్ ఆపితే గేర్లన్నీ వెన్నలా పడేవి, స్టార్ట్ చేస్తేనే మొరాయించేవి. అంటే పెడల్ తొక్కినా క్లచ్ ఇంజిన్ నుంచి పూర్తిగా విడటం లేదు. చూస్తే వైరు పోగులు తెగి ఉన్నాయి. కొన్ని వందలతో పోయింది. జారడానికీ, విడకపోవడానికీ తేడా తెలియకపోతే ఆ వేళే గేర్ బాక్స్ దింపించేసేవాణ్ని. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) క్లచ్ ఉన్న బండికి వైరు ఉండదు. అందులో గేర్లు ఇలాగే మొరాయిస్తే, పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంటే ముందు ఆయిల్ మట్టం, లీకేజీ చూడాలి.

శబ్దాల సంగతి మా తోడల్లుడి కారులో తెలిసింది. పెడల్ తొక్కినప్పుడు వచ్చే గరగర చాలాసార్లు రిలీజ్ బేరింగ్‌దే. న్యూట్రల్‌లో వస్తూ తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్స్ లోపలి బేరింగ్‌ని అనుమానించాలి. అతనిది రెండోది. ఖర్చు అడగలేదు, మొహం చూస్తే తెలిసిపోయింది.

కొత్త సెట్టు సంగతికొస్తే, పెడల్ ఎంత తేలికయిందంటే మొదటి రెండ్రోజులు బండి ఆగి ఆగిపోయేది. క్లచ్ పట్టే చోటు బాగా కిందకి వచ్చింది, నా కాలికి పాత ఎత్తే అలవాటు. మొదటి 500 కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడిపాను. మైలేజీ 17 దాకా తిరిగి వచ్చింది. గత చలికాలం అరకు కూడా వెళ్లొచ్చాం, వాసనా లేదు, అరుపూ లేదు.

ఒక్క లోపం ఉంది. వానాకాలంలో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే, పొద్దున్న రివర్స్ తీసేటప్పుడు బండి దడదడా వణుకుతుంది. తేమకి ఫ్లైవీల్ మీద సన్నగా తుప్పు పడుతుందని, నాలుగుసార్లు కదిపితే పోతుందని మేస్త్రీ అన్నాడు. నిజంగానే వీధి చివరికి వెళ్లేసరికి పోతోంది. పోని రోజు మళ్లీ ఆ షెడ్డుకే వెళ్తాను.

ఇప్పుడు మా అబ్బాయి ఈ బండి మీదే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. వాడి ఎడమకాలు కూడా అచ్చం నా కాలిలాగే పెడల్ మీదకే పోతోంది. ఎత్తుబ్రిడ్జి మీదకి ఇంకా తీసుకెళ్లలేదు.