ఐసీయూలో ఏది మేలు: సెలైనా, ఆర్‌ఎల్లా?

ఐసీయూలో పేషెంట్ బీపీ పడిపోగానే మొదట వినిపించే మాట ‘ఫ్లూయిడ్ పెట్టండి’. ఏ ఫ్లూయిడ్, ఉప్పునీరైన సెలైనా, రింగర్స్ లాక్టేట్ అనే ఆర్‌ఎల్లా అన్న దగ్గరే గొడవంతా. చూడ్డానికి రెండూ నీళ్లలాగే ఉంటాయి, రెండూ చవకే. వేలమంది రోగుల మీద పరిశోధనలు జరిగాక కూడా ఈ వాదన తెగలేదు. నా ఓటు ఆర్‌ఎల్‌కే. తలకు గాయమైన పేషెంట్‌కి మాత్రం కాదు. ఎందుకో కాసేపాగి చెబుతాను.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. 0.9 శాతం సెలైన్‌లో లీటరుకు సోడియం 154 మిల్లీమోల్స్, క్లోరైడ్ కూడా 154. రక్తంలో సోడియం 140 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద తేడా లేదు. క్లోరైడ్ మాత్రం రక్తంలో 100 చుట్టుపక్కలే. అంటే సెలైన్‌లో ఉన్నది ఒకటిన్నర రెట్లు. ఆర్‌ఎల్‌లో సోడియం 130, క్లోరైడ్ 109, పొటాషియం 4, లాక్టేట్ 28, కాస్త కాల్షియం. ప్లాస్మాలైట్ అనే మరో ఫ్లూయిడ్ రక్తానికి ఇంకా దగ్గర: సోడియం 140, క్లోరైడ్ 98, లాక్టేట్ బదులు ఎసిటేట్, గ్లూకోనేట్. ఈ రెండిటినీ బ్యాలెన్స్‌డ్ ఫ్లూయిడ్స్ అంటారు.

ఆ ఎక్కువ క్లోరైడ్ వల్ల ఏమవుతుందో ఒక ఏబీజీ రిపోర్టు (రక్తంలో ఆమ్లం, వాయువులు కొలిచే పరీక్ష) చూస్తే తెలుస్తుంది. షాక్‌లో, అంటే బీపీ బాగా పడిపోయి వచ్చిన మనిషికి నాలుగు లీటర్ల సెలైన్ వెళ్లిందనుకోండి. బీపీ నిలబడింది, యూరిన్ వస్తోంది, షాక్‌లో రక్తంలో పెరిగే లాక్టేట్ దిగింది. కానీ పీహెచ్ 7.30, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ 16, రెండూ తక్కువే. డ్యూటీలో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలు. అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) ఇంకా తగ్గలేదు, ఫ్లూయిడ్ చాల్లేదేమో అని ఇంకో సెలైన్ తగిలిస్తారు. అదే కాగితం మీద సోడియం 142, క్లోరైడ్ 116 అని కూడా ఉంటుంది. 142 లోంచి 116, 16 తీసేస్తే మిగిలేది ఆనయాన్ గ్యాప్, 10. లాక్టిక్ ఆమ్లంలాంటివి పేరుకుంటే పెరిగే అంకె ఇది, ఇక్కడ నార్మలే. ఆ అసిడోసిస్ జబ్బు తెచ్చింది కాదు, మనం ఎక్కించింది. దానికి మందుగా మళ్లీ సెలైనే పెడుతున్నామన్నమాట.

కిడ్నీ సంగతి కూడా ఉంది. 2012లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు రెండేసి లీటర్లు ఎక్కించి ఎమ్‌ఆర్‌ఐ తీస్తే, సెలైన్ తర్వాత కిడ్నీకి రక్తప్రవాహం తగ్గింది, ప్లాస్మాలైట్ తర్వాత తగ్గలేదు.

ఇదంతా బాగానే ఉంది, మరి మనుషులు బతుకుతున్నారా అని అడిగితే జవాబు అంత సూటిగా రాదు. 2015లో న్యూజిలాండ్‌లో జరిగిన స్ప్లిట్ అనే ట్రయల్‌లో కిడ్నీ దెబ్బతినడంలో తేడా ఏమీ కనపడలేదు. 2018లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ నుంచి స్మార్ట్ అనే ట్రయల్ వచ్చింది. అందులో 15,802 మంది. మరణం, కొత్తగా డయాలిసిస్ అవసరం కావడం, కిడ్నీ కోలుకోకపోవడం, ఈ మూడిట్లో ఏదో ఒకటి జరిగినవాళ్లు సెలైన్ వైపు 15.4 శాతం, బ్యాలెన్స్‌డ్ వైపు 14.3 శాతం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) రోగుల్ని విడిగా చూస్తే 30 రోజుల్లో ఆసుపత్రి మరణాలు సెలైన్‌తో 29.4 శాతం, బ్యాలెన్స్‌డ్‌తో 25.2. చాలామంది సెలైన్ మానేసింది ఈ అంకెలు చూసే.

తర్వాతివి ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాయి. 2021లో బ్రెజిల్‌లో బేసిక్స్ ట్రయల్: 90 రోజుల మరణాలు సెలైన్‌తో 27.2 శాతం, ప్లాస్మాలైట్‌తో 26.4. 2022లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 5,037 మందితో ప్లస్ ట్రయల్: అవే మరణాలు 22.0, 21.8. రెండూ లెక్కల ప్రకారం తేడా లేనట్టే. చిత్రమేమిటంటే, స్మార్ట్‌లో ఒక్కొక్కరికీ వెళ్లింది సుమారు లీటరే, ప్లస్‌లో నాలుగు లీటర్లకు దగ్గర. డోసు పెరిగితే హాని పెరగాలి కదా అంటే, ఇక్కడ ఆ లెక్క కుదరదు. ట్రయల్‌లో చేరకముందే ఎమర్జెన్సీలో, ఆపరేషన్ థియేటర్‌లో ఎవరికి ఏది ఎంత ఎక్కిందన్నది ఈ లెక్కల్ని కలగాపులగం చేస్తుంది.

2024లో ఆరు ట్రయల్స్‌లోని 34,685 మంది వివరాల్ని ఒకచోట చేర్చి చూశారు. ఆసుపత్రి మరణాలు సెలైన్‌తో 17.3 శాతం, బ్యాలెన్స్‌డ్‌తో 16.8. బ్యాలెన్స్‌డ్ ఫ్లూయిడ్ మరణాల్ని తగ్గిస్తుందనే సంభావ్యత దాదాపు 90 శాతం. రుజువైందని అనడానికి ఇది చాలదు, నిజమే. కానీ మందు ఖరీదైనదైతే, దుష్ఫలితాలు ఎక్కువైతే అప్పుడు పక్కా రుజువు కావాలని పట్టుబట్టాలి. పక్కపక్కన ఉన్న రెండు సీసాల్లో ఏది తీయాలన్న దానికి 90 శాతం మొగ్గు నాకు చాలు. 2021 సెప్సిస్ మార్గదర్శకాలు కూడా బ్యాలెన్స్‌డే మేలన్నాయి, బలహీనమైన సిఫార్సుగానే అనుకోండి.

ఇక తలకు గాయం. బేసిక్స్‌లో బ్రెయిన్ ఇంజురీ ఉన్నవాళ్లలో ప్లాస్మాలైట్ వైపు మరణాలు 31.3 శాతం, సెలైన్ వైపు 21.1. 2024 విశ్లేషణలోనూ అదే దిశ: బ్యాలెన్స్‌డ్‌తో 19.1, సెలైన్‌తో 14.7. ఆర్‌ఎల్ రక్తం కంటే కాస్త పలచన, నీరు మెదడులోకి చేరి వాపు పెరగొచ్చు అని చెబుతుంటారు. బేసిక్స్‌లో వాడింది మాత్రం అంత పలచన కాని ప్లాస్మాలైట్, కాబట్టి ఈ వివరణతో కథ ముగియదు. కారణం తేలేదాకా ఆగక్కర్లేదు. మెదడు దెబ్బతిన్న పేషెంట్‌కి సెలైనే పెట్టాలి.

కిడ్నీ పనిచేయనివాళ్లకు ఆర్‌ఎల్ వద్దు, అందులో పొటాషియం ఉంది అనే భయం మాత్రం ఎందుకింత మొండిగా నిలిచిందో నాకు అర్థం కాదు. పొటాషియం 6 ఉన్న రక్తంలోకి 4 ఉన్న ద్రవం పోస్తే అది పైకి ఎలా వెళ్తుంది? పైగా సెలైన్ తెచ్చే అసిడోసిస్ కణాల్లోని పొటాషియాన్ని బయటికి తోస్తుంది. 2005లో కిడ్నీ మార్పిడి రోగుల మీద చేసిన చిన్న ట్రయల్‌లో పొటాషియం 6 దాటినవాళ్లు సెలైన్ వైపు 19 శాతం, ఆర్‌ఎల్ వైపు ఒక్కరూ లేరు. 2023లో అదే రంగంలో జరిగిన పెద్ద ట్రయల్‌లో, కొత్త కిడ్నీ వెంటనే పనిచేయక డయాలిసిస్ కావాల్సి వచ్చినవాళ్లు సెలైన్‌తో 40 శాతం, ప్లాస్మాలైట్‌తో 30. ఆర్‌ఎల్‌లోని లాక్టేట్ వల్ల లాక్టిక్ అసిడోసిస్ వస్తుందన్నదీ ఇలాంటి భయమే. లివర్ పనిచేస్తుంటే అది బైకార్బొనేట్‌గా మారిపోతుంది.

వాంతులతో క్లోరైడ్ పోగొట్టుకుని ఆల్కలోసిస్‌లో (రక్తంలో క్షారం పెరిగి) ఉన్నవాళ్లకు సెలైనే సరైన మందు. రక్తం ఎక్కుతున్న లైన్‌లో కూడా అదే ఉండటం క్షేమం, ఆర్‌ఎల్‌లోని కాల్షియంతో రక్తం గడ్డకట్టొచ్చు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ కూడా కాల్షియంతో కలిస్తే పొడిలా పేరుకుంటుంది. పెద్దవాళ్లకైతే ఆర్‌ఎల్ ఆపి, లైన్‌ని సెలైన్‌తో ఫ్లష్ చేసి అప్పుడు ఇవ్వాలి. పుట్టినబిడ్డలకు కాల్షియం ఉన్న ఫ్లూయిడ్ ఎక్కుతుంటే, వేరే లైన్‌లోనైనా సరే, ఆ యాంటీబయాటిక్ ఇవ్వకూడదు.